వానకైతే సిద్ధమే, మరి రోడ్డుకో?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో వానలో పరుగు పందేనికి ఎలా సిద్ధం కావాలో చెబుతూ అరపేజీ వ్యాసం వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. మోకాలికి కట్టుండి కుర్చీలో కాలు ముడవలేక ఇన్నాళ్లు పట్టింది. ఆ కట్టు సంగతీ ఇందులోనే వస్తుంది.

ఆగస్టు నెలాఖరున మన హైదరాబాద్‌లో జరిగే మారథాన్ పరుగుకు పేరిచ్చుకున్న వేలమందిలో నేనూ ఒకణ్ణి. మొత్తం 42.195 కిలోమీటర్లు కాదు లెండి, అందులో సగం. వయసు 62. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. "ఈ వయసులో ఎవరు తరుముతున్నారని ఈ పరుగు" అని మా ఆవిడ రోజూ అడుగుతుంది. రాత్రిపూట మా సందులో కుక్కలు తరుముతాయి గానీ, ఆ విషయం ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ముందు మీ ఫోటో. పచ్చటి చెట్ల నడుమ తళతళలాడే నల్లటి రోడ్డు, చినుకుల్లో నవ్వుతూ పరుగెత్తుతున్న అమ్మాయి. గుంత లేదు, బురద లేదు, అడ్డంగా పెట్టిన బండి లేదు. అది ఏ దేశపు రోడ్డో కింద ఒక ముక్క రాసి ఉంటే మేం కాస్త కుదుటపడేవాళ్లం.

ఇక సలహాలు. వాటర్‌ప్రూఫ్ జాకెట్ కొనుక్కోమన్నారు. అది తొడుక్కుని ఆగస్టులో ఒక్కసారి పంజాగుట్ట నుంచి కేబీఆర్ పార్కు దాకా ఆ ఎత్తు ఎక్కి చూడండి. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పైన వాన, లోపల ఇడ్లీ పాత్ర. మన ఊళ్లో హాయిగా తడవడమే మేలు. వాన పడుతోంది కదా, దాహం వేయడం లేదు కదా అని నీళ్లు, ఉప్పు మానేసి చివర్లో పిక్కలు పట్టేసి కూలబడేవాళ్లను చూశాను. ఆ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు. నూలు బనీను నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కుతుందనీ, తొడలకూ చంకలకూ చనుమొనలకూ వాజెలిన్ దట్టంగా రాసుకోకపోతే సాయంత్రం స్నానం చేసేటప్పుడు కేకలు పెట్టాల్సి వస్తుందనీ కూడా లేదు. మొదలయ్యే దాకా చలి ఆగడానికి చెత్త వేసే నల్లటి పెద్ద కవరుకు మెడ, చేతుల దగ్గర కంతలు పెట్టి తొడుక్కుంటే చాలు. జాకెట్ల కంపెనీవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

సరే, ఇవన్నీ మా చేతిలో ఉన్నవి. మా చేతిలో లేనిది రోడ్డు.

మొన్న ముసురు పట్టినప్పుడు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాను. వీధి దీపాలు లేవు. వానాకాలంలో అవి పగలు వెలుగుతాయి. మలుపులో మడమ మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి. టీకొట్టతను షట్టరు ఎత్తుతూ కేకేశాడు: "సార్, నీళ్లల్ల ఉర్కకుండ్రి! ఆడ మోరికి మూత లేదు!" అప్పుడు కనబడింది, నీళ్లలోంచి నిలబడిన వేపకొమ్మ, దానికి కట్టిన ఎర్రటి చీరముక్క. ముందు రోజు రాత్రి అతనే గుచ్చాడట. ప్రభుత్వం వారి హెచ్చరిక బోర్డు అంటే మా కాలనీలో అదే. కంగారుగా పక్కకు తిరిగాను. తెల్లగీతల మీద అడుగు పడింది. ఆ రంగు మీద నీళ్లుంటే సబ్బు రుద్దిన బండే. ఫ్లైఓవర్ల మీద స్లాబుల మధ్య ఇనుప పట్టీలూ అంతే. ఘర్షణ గుణకం (ఏది ఎంత జారుతుందో చెప్పే లెక్క) గురించి ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. ఆ రోజు మోకాలి మీద రాసుకున్నాను.

కట్టు కట్టించుకుని వచ్చి, ఫోటో తీసి ఫోన్‌లో ఫిర్యాదు పెట్టాను. రెండో రోజున జవాబు: "మీ సమస్య పరిష్కరించబడింది." ఎవరిచేత పరిష్కరించబడింది? వెళ్లి చూస్తే వేపకొమ్మ కూడా లేదు, మేకలు తినేసినట్టున్నాయి. మళ్లీ ఫిర్యాదు పెట్టాను. మళ్లీ పరిష్కరించబడింది. టీకొట్టతను ఈసారి పాత టైరు తెచ్చి పెట్టాడు.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. పందెం ఇంకో వారం ఉందనగా నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా లారీలు దిగుతాయి. గుంతల్లో డాంబరు పడుతుంది, గీతలకు కొత్త రంగు పడుతుంది (జారడానికి ఇంకా బాగుంటుంది). దుర్గం చెరువు తీగల వంతెన పెళ్లికూతురిలా తయారవుతుంది. అంటే చేతనవును! అవసరమైతే వారంలో చేయగలరు. కానీ పందెం ఒక్క పూట. దానికోసం మేం నాలుగు నెలలు పరుగెత్తేది మా సందుల్లో, మా మోరీల పక్కన. పరుగెత్తే మేమైతే సరదాకి వెళ్తాం, వద్దనుకుంటే ఇంట్లో కూర్చుంటాం. పాల ప్యాకెట్లు వేసే కుర్రాళ్లు, బడిపిల్లలు, తెల్లవారకముందే చీపురు పట్టుకుని వచ్చే ఆడవాళ్లు అవే నీళ్లలో నడవాలి. వాళ్ల దారికి పందెం తేదీ లేదు.

ఈ ఊరికి వాన కొత్తా? 1908 సెప్టెంబరులో మూసీ ముంచేసింది. విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టేశారు. ఇరవై ఏళ్లలోపు, అదీ ఆ రోజుల్లో. 2000 ఆగస్టులో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు పడింది, 2020 అక్టోబరులో మళ్లీ మునిగాం. ప్రతిసారీ కమిటీ వేస్తారు, నివేదిక వస్తుంది, నాలా మీద ఇంకో అంతస్తు లేస్తుంది. అధికారులు మోకాలి లోతు నీళ్లలో దిగి ఫోటో దిగుతారు. ఆ ఫోటో మీరే మొదటి పేజీలో వేస్తారు.

పందెం లోపు ఈ లేఖ అచ్చు వేస్తే సంతోషం. ఒక్క విషయంలో మాత్రం మీ పత్రికకు రుణపడి ఉన్నాను. తడిసిన బూట్లలో కాగితం ఉండలు చుట్టి కుక్కితే తెల్లారేసరికి ఆరిపోతాయి. మామూలు పేజీలు బాగా పీలుస్తాయి, జిల్లా ఎడిషన్ మరీనూ. ఆ ఆదివారం అనుబంధం నున్నటి కాగితం, చుక్క నీరు పీల్చదు. వీలైతే మార్చగలరు.

– ఒక రిటైర్డ్ లెక్చరర్,
హబ్సిగూడ, హైదరాబాద్