తూకాలకూ మార్కులు వేయాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇటీవల హనుమకొండ సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు తెలియని ద్రవమంటూ కొబ్బరినూనె ఇచ్చి, సాంద్రత కనుక్కోమన్నారు. ఒక అమ్మాయి మి.లీ.కు 1.65 గ్రాములని రాసింది. పక్కనే బీకరులో అదే నూనె నీటిమీద తేలుతోంది. నీటికన్నా సాంద్రత ఎక్కువున్న ద్రవం అలా తేలదని ఆమెకు తెలుసు. అయినా తన అంకెను కళ్లెదుటి నూనెతో పోల్చి చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. జరిగిన పొరపాటు చిన్నదే: నూనెతో తూచిన బరువులోంచి ఖాళీ సీసా బరువు తీసివేయలేదు.

సాపేక్ష సాంద్రత సీసాతో (బిరడాకు సన్నని రంధ్రం ఉండి, ప్రతిసారీ ఒకే పరిమాణంలో ద్రవం పట్టే చిన్న సీసా) చేసే ఈ ప్రయోగానికి మూడు తూకాలు చాలు. ఆ సీసా ఖాళీగా 18.40 గ్రాములు, నీటితో 43.30, నూనెతో 41.30 తూగింది. అంటే నీరు 24.90, నూనె 22.90 గ్రాములు. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. అప్పుడు నీటి సాంద్రత మి.లీ.కు 0.9957 గ్రాములు కనుక సీసాలో పట్టేది 25.01 మి.లీ., నూనె సాంద్రత 0.916. నేను చూసిన పాఠశాలల్లో నీటికి 1 అని వేసి ముగిస్తారు. అది 4 డిగ్రీల దగ్గరి విలువ. మన ఓరుగల్లు ఎండలకు గదిలోని నీరు 40 డిగ్రీలకు చేరితే అది 0.992కు తగ్గుతుంది. ఉష్ణోగ్రత రాయని సాంద్రత అసంపూర్ణమే.

సీసాను గుప్పిట్లో పట్టుకుంటే చేతి వేడికి ద్రవం వ్యాకోచించి బిరడా రంధ్రం గుండా కొంత బయటికి పోతుందనీ, లోపల బుడగ మిగిలితే తూకం తగ్గుతుందనీ పిల్లలు రికార్డులో జాగ్రత్తల కింద ఎక్కించుకుంటున్నారే గానీ చేసి చూడడం లేదు.

సాంద్రత ఒక్కదానితోనే ద్రవాన్ని గుర్తించలేమని కూడా చెప్పాలి. వెన్న తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది. ఆపైన నీళ్లు కలిపితే పాల సాంద్రతను చూపే లాక్టోమీటర్ మళ్లీ మామూలు అంకే చూపవచ్చు. పాల కేంద్రాల్లో వెన్న శాతం కూడా చూసేది అందుకే.

ప్రతి ఉన్నత పాఠశాలకు 0.01 గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసునూ ఒక ఉష్ణమాపకాన్నీ ఇవ్వాలని, తుది అంకెకే కాక తూకాల పట్టికకూ, ఆ అంకెను ఎందుకు నమ్మవచ్చో విద్యార్థి రాసిన కారణానికీ మార్కులు కేటాయించాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను. ఆ రోజు ఆ అమ్మాయికి సున్నా వేశారు. ఆమె తీసిన మూడు తూకాలూ సరైనవే.

– విశ్రాంత భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ