వార్షిక నివేదిక: డాబా మరమ్మతు, కార్పస్ ఫండ్, మన ఇళ్ల ధర

మన అపార్ట్‌మెంట్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీని ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: ముఖద్వారం ఆర్చి ఎప్పుడు కడతారని. కట్టలేదు. గత జనరల్ బాడీ తీర్మానం ప్రకారం ఆ సొమ్మును డాబా వాటర్‌ప్రూఫింగుకి మళ్లించాం. అడిగినవాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి ముందు కనబడేది గేటే. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు వాళ్లు వెంట తెచ్చుకునే ఇంజినీరు చూసేది పై అంతస్తు సీలింగుని. అక్కడ చెమ్మ మరక కనిపిస్తే ఆ ఫ్లాటు ధర తగ్గుతుంది. ఆ తర్వాత అమ్మకానికి పెట్టేవాళ్ల బేరం కూడా ఆ తగ్గిన ధర దగ్గరే మొదలవుతుంది.

పాత పొర మీదే పూత వేస్తే చాలా తక్కువలో అయిపోతుందని కొందరు కాంట్రాక్టర్లు చెప్పారు. ఒప్పుకోలేదు. స్లాబులో అప్పటికే చేరిన నీరు పూత కింద చిక్కుకుపోతుంది. ఊచలకి తుప్పు పడితే అది ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటుని లోపల్నుంచి నెడుతుంది, పెచ్చులు ఊడేది అందుకే. కాబట్టి పాతదంతా తవ్వించి, నీరు గొట్టాల వైపు పోయేలా వాలు సరిచేయించి, పిట్టగోడ కింది మూలలు మూయించాం. నీళ్లు నిలబెట్టి, కింద ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే చివరి బిల్లు చెల్లించాం.

ఇది అతి జాగ్రత్త అనేవాళ్లు అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగింది గుర్తుచేసుకోవాలి. సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల షాంప్లైన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24న తెల్లవారకముందే చాలా భాగం కూలి 98 మంది చనిపోయారు. ఈతకొలను పక్క స్లాబుకి వాలు లేదని, వాటర్‌ప్రూఫింగ్ పాడై కింద కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఒక ఇంజినీరు రాసిచ్చారు. మరమ్మతుల అంచనా సుమారు 1.5 కోట్ల డాలర్లకి చేరింది. ఎవరెంత కట్టాలన్న దగ్గర తగువులు పడి, ఆ భవనం యజమానుల సంఘం బోర్డులో ఎక్కువమంది 2019లో రాజీనామా చేశారు. చివరికి ఒప్పుకున్న వాయిదాలు మొదలవ్వాల్సింది 2021 జూలై 1న. కూలడానికి నీరొక్కటే కారణమని మేం అనడం లేదు. డబ్బు దగ్గర పని ఎలా ఆగిపోతుందో చూడమంటున్నాం.

ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా ఒక చట్టం చేసింది. మూడంతస్తులు, అంతకు మించిన కాండో (ఫ్లాట్లు ఎవరివి వాళ్లవైన) భవనాలకి పదేళ్లకోసారి పైకప్పు, నిర్మాణం వంటి వాటి మిగిలిన ఆయుష్షు, మరమ్మతు ఖర్చు లెక్కగట్టి నిధి చూపించాలి. మనకి ఆ చట్టంతో పనిలేదు గానీ పద్ధతి మంచిది. లిఫ్టులు, పంపులు, నీటి గొట్టాలు, బయటి రంగు, వీటికి అలాంటి పట్టికే తయారుచేశాం. పట్టిక చూస్తే తెలిసేదేమిటంటే, ఇప్పుడున్న కార్పస్ ఫండ్, అంటే పెద్ద పనుల కోసం దాచే ఉమ్మడి నిధి, లిఫ్టులు మార్చే నాటికి చాలదు. నెలనెలా కొద్దిగా పెంచకపోతే ఒక్కసారిగా పెద్ద మొత్తం అడగాల్సి వస్తుంది. అలాంటి నోటీసు వచ్చిన ఏడాది ఫ్లాటు అమ్మాల్సినవాళ్ల పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

మెయింటెనెన్స్ బకాయిలు కొంత తగ్గాయి. బాకీదారుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టాలన్న సూచనను కమిటీ ఒప్పుకోలేదు. విడిగా ఉత్తరం రాసి, వాయిదాల్లో కట్టే వీలిచ్చాం, అదే ఎక్కువ పనిచేసింది.

బాల్కనీ రేకులు, గ్రిల్లుల మీద ఎప్పటిలాగే గొడవ జరిగింది. అనుమతి లేని రేకులన్నీ తీయించాం, వాటిలో కమిటీ సభ్యుడిదీ ఒకటి. ముందు ఆయనదే తీయించడంతో మిగతావాళ్ల దగ్గర పని తేలికైంది.

కొనేవాళ్లూ బ్యాంకులూ అడిగే కాగితాలు, అంటే ఆడిట్ నివేదికలు, తీర్మానాలు, బీమా, లిఫ్టు తనిఖీ పత్రాలు, ఇప్పుడు ఆఫీసులో ఒకే ఫైలులో ఉన్నాయి. బాకీ లేదన్న పత్రం కావాలంటే కార్యదర్శికి దరఖాస్తు ఇస్తే చాలు.

జమాఖర్చులు విడిగా జతచేశాం. రాబోయే జనరల్ బాడీలో కార్పస్ ఫండ్ పెంపు మీద ఓటింగ్ ఉంటుంది. పట్టిక ముందే చదివి రండి. రాలేనివాళ్లు తమ తరఫున ఓటేసేవారి పేరు రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు
కార్యవర్గం