ముందే చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు

బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నాను. కోలుకుని మళ్లీ పనిలో పడ్డాను, బాగానే ఉన్నాను. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా థాంక్స్ చెబుతూ వచ్చాను గానీ, అందరికీ కలిపి ఒకసారి రాయాలనిపించింది. నాకు అందిన సాయంలో చాలా భాగం ఆపరేషన్ థియేటర్ బయట అందిందే. ఏం జరగబోతుందో, అందులో ఇబ్బంది పెట్టేవి ఏవో, దాచకుండా ముందే చెప్పే మనుషులు దొరికారు నాకు.

మొదట సర్జన్ గారికి. "ఎన్ని కిలోలు తగ్గుతానండీ?" అని అడిగితే అంకె చెప్పలేదు. కాగితం తీసుకుని పొట్ట బొమ్మ గీశారు. ఆయన చెప్పిన సర్జరీలు రెండు రకాలు: స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకి చేసే బైపాస్ కాదు). స్లీవ్ అయితే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. తీసేసినదాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి మొదట్లో ఆకలి బాగా తగ్గుతుంది. బైపాస్‌లో సాధారణంగా ఏ భాగాన్నీ బయటికి తీయరు. జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి చిన్నపేగుకి కలుపుతారు. షుగర్ ఉన్నవాళ్లకి, గుండెల్లో మంట ఎక్కువగా ఉన్నవాళ్లకి తరచూ బైపాస్ సూచిస్తారని, స్లీవ్ తర్వాత మంట కొత్తగా రావచ్చని కూడా ఆయనే చెప్పారు. నాకు ఆ రెండు సమస్యలూ లేవు, స్లీవ్ చాలన్నారు. రెండింటి మంచీ చెడూ చెప్పి, ఆలోచించుకోవడానికి టైమిచ్చి, ఇంట్లోవాళ్లని కూడా తీసుకొచ్చి మాట్లాడమన్నారు. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవన్నీ అరుదే అయినా ఉంటాయని చెప్పారు. గుండె దడ, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం వస్తే అర్ధరాత్రి అయినా ఫోన్ చేయమని ఆ కాగితం వెనకే రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది.

ఆపరేషన్‌కి ముందు పెట్టిన కఠినమైన డైట్ మీద నాకు చాలా చిరాకుండేది. ఎలాగూ ఆపరేషన్ చేస్తున్నారు కదా, ఇదెందుకు అని. డైటీషియన్ గారు ఒక్క మాటలో తేల్చేశారు: లావుగా ఉన్నవాళ్లలో కాలేయానికి కొవ్వు పట్టి పెద్దదవుతుంది, దాన్ని పైకి లేపితే గానీ జీర్ణాశయం అందదు, ఈ డైట్‌తో అది కాస్త కుంచించుకుంటే సర్జన్ పని సులువవుతుంది. కారణం తెలిశాక చిరాకు పోలేదు గానీ, డైట్ మాత్రం తప్పలేదు.

రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకి ప్రత్యేకంగా. మత్తు దిగీ దిగకముందే మంచం దింపి నడిపించారు. ఆ క్షణంలో ఆవిడంటే కోపమే వచ్చింది. గడ్డలు కట్టకుండా ఉండాలంటే నడవాల్సిందే అని చెబుతూ, సెలైన్ స్టాండ్ తోసుకుంటూ నా పక్కనే వరండా చివరిదాకా వచ్చారు. కోసింది పొట్టయితే భుజం ఎందుకు లాగేస్తోందని నేను భయపడుతుంటే, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) కోసం పొట్టలో నింపిన గ్యాస్ వల్ల అలా ఉంటుందని, నడిస్తే తగ్గుతుందని చెప్పారు. తగ్గింది.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. ముందు పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, ఆ తర్వాత గుజ్జు, మెత్తనివి, చివరికి మామూలు తిండి. వారాల తరబడి ఈ మెట్లన్నీ ఎక్కాలి. నీళ్లు కూడా గుక్కగుక్కగా తాగాలి. తినేటప్పుడు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ ఆ చిన్న పొట్టలోకి ఎలా పంపాలో డైటీషియన్ గారు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పారు. వాంతులు ఆగకపోతే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవద్దని, బీ1 విటమిన్ పడిపోతే నరాలకే ముప్పని గట్టిగా హెచ్చరించింది కూడా ఆవిడే.

ఇక పేరు రాయొద్దన్న ఒకరున్నారు. నాకంటే ముందు ఇదే సర్జరీ చేయించుకున్న మనిషి. డాక్టర్లు ఒక వాక్యంలో చెప్పేవాటిని ఆయన గంటలు గంటలు చెప్పారు. కొన్ని నెలలకి జుట్టు కుప్పలుగా రాలుతుందని, చాలామందికి మళ్లీ వస్తుందని; బాగా తగ్గుతూ తగ్గుతూ ఉన్నట్టుండి కాటా ముల్లు కదలకుండా ఆగిపోతుందని, అప్పుడు కాటాని తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదని; చర్మం వేలాడుతుందని, అద్దంలో చూసుకుంటే సంతోషంతో పాటు బెంగ కూడా కలుగుతుందని. అన్నీ జరిగాయి. జుట్టు రాలిన రోజు ఏడవకుండా ఆయనకి మెసేజ్ పెట్టాను. "స్వాగతం" అని జవాబిచ్చారు!

కౌన్సెలర్ గారి మాటలు మొదట్లో నాకు అంతగా నచ్చలేదు. నాకు టెన్షన్ వస్తే తినడం అలవాటు. కత్తి పొట్టకే తగులుతుంది, ఆ అలవాటుకి కాదని ఆవిడ మొహం మీదే అన్నారు. కొందరు తిండి వదిలి మద్యం వైపు వెళతారని, సర్జరీ తర్వాత అది ఇంకా త్వరగా తలకెక్కుతుందని కూడా చెప్పారు. ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్లి మాట్లాడుతున్నాను. నన్నడిగితే, సర్జరీకి ముందు ఈ కూర్చోబెట్టి మాట్లాడటాన్ని లాంఛనంలా ముగించేచోట చేయించుకోకండి.

అక్కకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదని, మధ్యలో రెండు గంటలైనా ఉండాలని నా ఫోన్‌లో అలారాలు పెట్టింది. బీ12, విటమిన్ డీ సహా ఈ మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలి, రక్తపరీక్షలూ తప్పవు. తను మాత్రం నా బరువెంతో ఇప్పటివరకూ ఒక్కసారీ అడగలేదు. "సులువు దారి పట్టావు" అన్న చుట్టాలకి కూడా నా బదులు తనే సమాధానం చెప్పింది, ఆ సమాధానం ఇక్కడ రాయలేను.

ఈ సర్జరీ గురించి ఆలోచిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఏ సర్జరీ మంచిది, ఏ మాత్ర ఎంత వేసుకోవాలి లాంటివి మీ డాక్టర్నే అడగాలి. జుట్టు, కాటా, చుట్టాల గురించి అయితే ఎంతసేపైనా మాట్లాడతాను.