హెడ్ కోచ్ ఎంపికలో చూడవలసింది నిరుటి స్కోరు కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్లు 2025 సీజన్ ముగియక ముందే వరుసగా హెడ్ కోచ్‌లను తొలగించిన తీరుపై మీ క్రీడా పుటలో వచ్చిన వ్యాసం చదివాను. అక్టోబరు నెలలోనే పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) బ్రయాన్ కెల్లీని ఇంటికి పంపాయి. ఒప్పందాల ప్రకారం మొదటి వారికి సుమారు 4.9 కోట్ల డాలర్లు, రెండో వారికి సుమారు 5.4 కోట్ల డాలర్లు చెల్లించవలసిన బాధ్యత ఆ సంస్థలపై పడింది. మీ వ్యాసం ఆ మొత్తాల దగ్గరే ఆగిపోయింది. ఇంత డబ్బు ఎందుకు నీళ్లపాలవుతోందన్న ప్రశ్నకు జవాబు చాలా సందర్భాల్లో తొలగింపులో దొరకదు, అంతకు కొన్నేళ్ల ముందు అభ్యర్థులను తూచిన పద్ధతిలో దొరుకుతుంది. మన కుటుంబాల పిల్లలు వేల సంఖ్యలో అక్కడ చదువుతున్నారు. పెద్ద కాన్ఫరెన్సుల (విశ్వవిద్యాలయాల లీగ్‌ల) జట్లు టీవీ హక్కుల రాబడితో, దాతల విరాళాలతో నడుస్తున్నా, చిన్న విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల క్రీడల ఖర్చులో గణనీయమైన భాగం విద్యార్థులు కట్టే రుసుము నుంచే వస్తుంది. అందువల్ల ఇది మనకు సంబంధం లేని వ్యవహారం కాదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. అభ్యర్థి ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్న లెక్క కన్నా, తన చేతికి వచ్చిన దానితో ఎంత సాధించారో, దానిని ఒక్కచోట కాక రెండు మూడు చోట్ల సాధించి చూపారో లేదో పరిశీలించాలి. వినడానికి ఇది అందరికీ తెలిసిన మాటలాగే ఉంటుంది. కానీ నవంబరు గడిచేసరికి పాలకమండళ్లు, దాతలు, అభిమానులు అందరూ కలిసి ఆ ఏడాది పతాక శీర్షికలకెక్కిన పేర్ల వెంట పరుగెత్తడం దాదాపు ఏటా చూస్తున్నాం.

ఇండియానా విశ్వవిద్యాలయం 2023 నవంబరు చివర కర్ట్ సిగ్నెట్టిని నియమించుకున్నప్పుడు ఆయన వయసు 62 ఏళ్లు, అప్పటికి పెద్ద కాన్ఫరెన్సులో హెడ్ కోచ్‌గా పనిచేసిన అనుభవం లేదు. అలబామాలో ప్రసిద్ధ హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర రిసీవర్ల (బంతిని అందుకునే ఆటగాళ్ల) కోచ్‌గా ఉన్న మంచి కొలువును వదులుకుని, 2011లో డివిజన్ 2 అనే కింది స్థాయిలో ఆడే ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకు (పేరు కలిసినా ఇది వేరే సంస్థ) హెడ్ కోచ్‌గా వెళ్లారు. తర్వాత ఏళ్ల తరబడి ఓడుతూ వచ్చిన ఈలాన్ జట్టును చేపట్టి మొదటి సీజన్‌లోనే గెలుపు బాట పట్టించారు. ఆపైన జేమ్స్ మాడిసన్‌లో 52 మ్యాచ్‌లు గెలిచి 9 మాత్రమే ఓడారు. మూడు చోట్లా ఏ ఒక్క సీజన్‌లోనూ ఆయన ఓటములు గెలుపులను మించలేదు. ఆయన చేతికి వచ్చేనాటికి ఇండియానా 3 గెలుపులు, 9 ఓటములతో సీజన్ ముగించిన జట్టు, కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఒకటి. ఆ జట్టు 2024లో 11 మ్యాచ్‌లు గెలిచి జాతీయ విజేతను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌కు చేరింది, 2025 సీజన్‌లో ఓటమి లేకుండా జాతీయ విజేతగా నిలిచింది.

ఫలితం వచ్చాక మెచ్చుకోవడం ఎవరికైనా సాధ్యమే. నేను ఎత్తిచూపుతున్నది ఆ ఫలితాన్ని కాదు, ఆ ఫలితాన్ని ఆశించడానికి 2023లోనే కళ్లెదుట ఉన్న ఆధారాలను. మూడు వేర్వేరు స్థాయిల్లో, మూడు వేర్వేరు ఆటగాళ్ల బృందాలతో ఒకే రకమైన ఫలితం వచ్చిందంటే, అందులో కోచ్ పాత్ర ఎంతో కొంత స్థిరంగా ఉన్నట్లే. ఆయనతో పాటు జేమ్స్ మాడిసన్‌లో అఫెన్స్‌ను (దాడి విభాగాన్ని), డిఫెన్స్‌ను (రక్షణ విభాగాన్ని) నడిపిన సహాయక కోచ్‌లు, అంటే కోఆర్డినేటర్లు, ఇద్దరూ ఇండియానాకు కదలి వచ్చారు, పదిమందికి పైగా ఆటగాళ్లు వచ్చారు. ఒక నాయకుడి వెంట సహాయకులు, ఆటగాళ్లు తరలివస్తారా రారా అన్నది ఇంటర్వ్యూలో వినే ఏ ప్రసంగం కన్నా బలమైన సాక్ష్యమని నా నమ్మకం.

దీనికి ఎదురుగా నెబ్రాస్కా ఉదంతాన్ని ఉంచి చూడాలి. 2015లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని సెంట్రల్ ఫ్లోరిడా జట్టును స్కాట్ ఫ్రాస్ట్ 2017లో 13 మ్యాచ్‌లకు 13 గెలిచేలా తీర్చిదిద్దారు. 1997లో నెబ్రాస్కా జాతీయ టైటిల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా (జట్టు దాడిని నడిపే కీలక ఆటగాడిగా) ఆడినది ఆయనే. ఇంటి బిడ్డ, పైగా విజేత, కాబట్టి వేరే అభ్యర్థిని చూడవలసిన అవసరం లేదని ఆ రాష్ట్రమంతా అనుకుంది. నేను చెప్పిన కొలమానంతో చూసినా ఆయన పైపైన గట్టెక్కుతారు, ఎందుకంటే తక్కువలోంచి ఎక్కువ సాధించిన మాట నిజమే. కానీ ఆ సాక్ష్యం ఒక్క చోటిది, రెండు సీజన్లది, అదీ పోటీ తీవ్రత తక్కువగా ఉండే కాన్ఫరెన్సులోది. నెబ్రాస్కాలో ఆయన 16 మ్యాచ్‌లు గెలిచి 31 ఓడారు. 2022 సెప్టెంబరులో తొలగించేనాటికి విశ్వవిద్యాలయం ఎంత విసిగిపోయిందంటే, అక్టోబరు 1 వరకు ఆగితే బయ్‌అవుట్ (తొలగించినందుకు చెల్లించవలసిన సొమ్ము) 1.5 కోట్ల డాలర్ల నుంచి సగానికి తగ్గుతుందని తెలిసి కూడా ఆగలేకపోయింది.

ఆ ఉదంతంలోనే గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 2021లో నెబ్రాస్కా ఓడిన తొమ్మిది మ్యాచ్‌లలో ప్రతి ఒక్కటీ పది పాయింట్ల లోపు తేడాతోనే ఓడింది. దగ్గరి మ్యాచ్‌ల ఫలితాల్లో అదృష్టం పాలు ఎక్కువని, ఒక ఏడాది అటు మొగ్గినది మరుసటి ఏడాది ఇటు సర్దుకుంటుందని గణాంకాలు పరిశీలించే వారు చెబుతారు. అది చాలావరకు సరైన మాటే. ఒక్క సీజన్‌లో దగ్గరి మ్యాచ్‌లన్నీ గెలిచిన అభ్యర్థిని ఆకాశానికెత్తడం ఎంత తప్పో, అన్నీ ఓడిన వారిని కొట్టిపారేయడం కూడా అంతే తప్పు. అయితే అవే పొరపాట్లు, ముఖ్యంగా కిక్కులు తన్నే, అందుకునే దశల్లోని లోపాలు, కీలక సమయాల్లో బంతిని పోగొట్టుకోవడం వంటివి ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కనిపిస్తుంటే, దానిని దురదృష్టం ఖాతాలో వేయడం కుదరదు. ఎంపిక సంఘం స్కోర్ల పట్టికతో సరిపెట్టుకోకుండా మ్యాచ్‌ల వీడియోలు కూర్చుని చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది.

జాతీయ టైటిల్ గెలిచిన కోచ్ దొరికితే ఇక ఆలోచించనక్కరలేదన్నది మరో భ్రమ. జింబో ఫిషర్ 2013లో ఫ్లోరిడా స్టేట్‌కు టైటిల్ తెచ్చారు. ఆనాటి క్వార్టర్‌బ్యాక్ జేమీస్ విన్‌స్టన్ ప్రొఫెషనల్ ఆటకు వెళ్లిపోయాక జట్టు స్థాయి మెల్లగా దిగజారి, 2017లో ఆయన జట్టును వదిలే సమయానికి ఆ సీజన్ లెక్క 5 గెలుపులు, 6 ఓటములుగా ఉంది. అది ఎవరికీ తెలియని రహస్యం కాదు. అయినా టెక్సస్ ఏ అండ్ ఎం పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చింది, 2021లో ఆ ఒప్పందాన్ని మరింత పెంచి పొడిగించింది, 2023 నవంబరులో 7.5 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడి ఆయనను పంపివేసింది. ఆబర్న్‌లో జీన్ చిజిక్ కథ కూడా ఇలాంటిదే. 2010లో కామ్ న్యూటన్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా 14 మ్యాచ్‌లకు 14 గెలిచిన ఆ జట్టు, 2012లో 3 గెలిచి 9 ఓడింది. అసాధారణమైన ఒక ఆటగాడు వెళ్లిపోయాక కోచ్ దగ్గర ఏమి మిగిలిందన్నదే టైటిల్ గెలిచిన అభ్యర్థిని అడగవలసిన మొదటి ప్రశ్న.

అంకెలు గొప్పను దాచిన సందర్భమూ ఉంది. మిషిగన్ స్టేట్‌లో నిక్ సేబన్ మొదటి నాలుగు సీజన్ల లెక్క 25 గెలుపులు, 22 ఓటములు, ఒక డ్రా. పట్టిక మాత్రమే చూసినవారికి ఆయన ఒక మామూలు కోచ్. కానీ పూర్వ కోచ్ హయాంలోని ఉల్లంఘనలకు కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ విధించిన ఆంక్షల భారం మధ్య ఆయన ఆ జట్టును నడిపారు, ఐదో సీజన్‌లో 9 మ్యాచ్‌లు గెలిపించారు. 1999 చివర ఎల్‌ఎస్‌యూ ఆయనను తీసుకుంది, 2003లో టైటిల్ వచ్చింది. తర్వాత అలబామాలో ఆరు వచ్చాయి.

ఆ సేబన్ పేరే తర్వాతి ఏళ్లలో ఒక యోగ్యతా పత్రంగా మారింది. ఆయన దగ్గర పనిచేసిన సహాయకుడైతే చాలు, ఆ పద్ధతులన్నీ వెంట తెస్తాడని అనేక సంస్థలు నమ్మాయి. కర్బీ స్మార్ట్ జార్జియాకు 2021, 2022 టైటిళ్లు తెచ్చిన మాట వాస్తవం. అదే బడి నుంచి వచ్చిన డెరెక్ డూలీ టెనెసీలో 15 గెలిచి 21 ఓడారు. అదే టెనెసీ తర్వాత తెచ్చుకున్న జెరెమీ ప్రూయిట్ హయాం రిక్రూటింగ్ (ఆటగాళ్లను జట్టులో చేర్చుకునే) నిబంధనల ఉల్లంఘనలతో ముగిసి, విశ్వవిద్యాలయానికి 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా మిగిల్చింది. మరోవైపు క్లెమ్సన్‌కు రెండు టైటిళ్లు తెచ్చిన డాబో స్వినీ హెడ్ కోచ్ కాకముందు ఎన్నడూ కోఆర్డినేటర్‌గా పనిచేయలేదు. గురువు పేరు బట్టి శిష్యుణ్ణి అంచనా వేయడం ఎంత గుడ్డిదో ఇంతకంటే చెప్పనక్కరలేదు. సహాయకుడిగా ఉన్నప్పుడు అభ్యర్థి స్వయంగా ఏ నిర్ణయాలు తీసుకున్నారు, ఎవరిని రిక్రూట్ చేశారు, వారిలో ఎందరు ఎదిగారు అన్నవే లెక్కలోకి రావాలి.

ఇప్పుడు పని స్వభావమే మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలను ప్రకటనలు వగైరాలకు వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (జట్టు మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ద్వారా ఒక ఏడాది ఆటకు దూరంగా ఉండనక్కరలేకుండానే జట్టు మారవచ్చు. 2025-26 నుంచి విశ్వవిద్యాలయాలే తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, ఆ మొదటి ఏడాది అందరికీ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. కాబట్టి ఆ డబ్బులో ఫుట్‌బాల్‌కు దక్కిన వాటాను క్వార్టర్‌బ్యాక్‌కు ఎంత, ముందు వరుస ఆటగాళ్లకు ఎంత అని ఎలా విభజిస్తారో అభ్యర్థి కాగితం మీద చూపగలగాలి. ఈ పని ప్రొఫెషనల్ జట్ల పనిలాగే ఉందని, అక్కడివారే దీనికి తగినవారని వాదించేవారున్నారు. ప్రొఫెషనల్ లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌ను హెడ్ కోచ్‌గా ఆరుసార్లు గెలిచిన బిల్ బెలిచిక్ నార్త్ కరోలినాలో 2025లో తన మొదటి సీజన్‌ను 4 గెలుపులు, 8 ఓటములతో ముగించారు. ఒక్క సీజన్‌తో ఆయనపై తీర్పు చెప్పడం న్యాయం కాదు, నా వాదనకే అది విరుద్ధం. అయితే పేరు ఒక్కటే చాలదనడానికి అది సరిపోతుంది.

ఇక తొందర సంగతి. రిక్రూట్‌లు సంతకాలు చేసే తొలి గడువు డిసెంబరులోనే వస్తుంది, జనవరి మొదట్లో పోర్టల్ తెరుచుకుంటుంది. దానితో హెడ్ కోచ్ లేని జట్టు ప్రతిరోజూ ఆటగాళ్లను కోల్పోతున్నట్లే. ఈ భయాన్ని ఏజెంట్లు చక్కగా వాడుకుంటారు. 2001లో నోటర్ డామ్ నియమించిన జార్జ్ ఓలియరీ, తన విద్యార్హతల విషయంలోనూ ఆటగాడిగా అనుభవం విషయంలోనూ అబద్ధాలు రాసినట్లు తేలడంతో ఐదు రోజులకే రాజీనామా చేశారు. అంత పేరున్న సంస్థ రెండు ఫోన్ కాల్‌లతో తేలే విషయాన్ని సరిచూసుకోలేదంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. తొందరలో మొదట బలయ్యేది ఒప్పందమే. తొలగించిన కోచ్ మరోచోట ఉద్యోగం వెతుక్కోవాలని, అక్కడి జీతాన్ని బాకీలోంచి మినహాయించాలని ఒక నిబంధన ఉంటే భారం ఎంత తగ్గుతుందో ఫ్రాంక్లిన్ వర్జీనియా టెక్‌లో చేరినప్పుడు పెన్ స్టేట్‌కు అనుభవమైంది. ఫిషర్ ఒప్పందంలో ఆ నిబంధన లేదు.

అసలు మార్చాలా వద్దా అన్నది కూడా అభ్యర్థుల పరిశీలనలో భాగమే. 2013లో సోషల్ సైన్స్ క్వార్టర్లీ పత్రికలో ముగ్గురు రాజనీతి శాస్త్రజ్ఞులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బాగా వెనుకబడిన జట్లకు కోచ్ మార్పు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు, మధ్యస్థంగా ఆడుతున్న జట్లు కోచ్‌ను మార్చాక మరింత దిగజారాయి. సగటు జట్టు ఉన్నవారు కొత్త అభ్యర్థుల జాబితాలో ప్రస్తుత కోచ్ పేరును కూడా చేర్చి అదే కొలమానంతో తూచాలన్నది నా సూచన.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే సీజన్‌లో ఏ విశ్వవిద్యాలయం కొత్త హెడ్ కోచ్‌ను ప్రకటించినా, జీతంతో పాటు ఆయన గతంలో చేపట్టిన ప్రతి జట్టు ఆయన రాకముందు ఏ స్థితిలో ఉంది, ఆయన వదిలి వెళ్లేనాటికి ఏ స్థితికి చేరింది అన్న రెండు వరుసలు కూడా వార్త పక్కన అచ్చువేయండి. ఆ వివరాలు ఎవరికైనా అందుబాటులో ఉన్నవే.

భవదీయుడు,
మీ పాఠకుడు