కోడలిపిల్ల ఆరో పన్ను

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. పాపకి కింద దవడలో వెనక పన్ను మీద నల్లగీత కనబడిందన్నావు. చెల్లెమ్మ కంగారు పడుతుంటే "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది" అన్నానని నవ్వావు. ఇంతలో సిగ్నల్ పోయింది. మళ్ళీ ఫోన్ చేస్తే సగం విని "సరేలేరా" అనేస్తావు. అందుకే ఉత్తరం.

మా కోడలిపిల్లకి ఏడేళ్ళు నిండాయిగా. నోరు తెరిపించి, ముందు పళ్ళ మధ్య నుంచి ఒక పక్కకి లెక్కపెట్టు. ఊడి బోసిగా ఉన్న చోటు కూడా లెక్కలోకే వస్తుంది. పాలపళ్ళు మొత్తం 20, అంటే ఒక్కో పక్కకి అయిదే. ఆ గీత ఆరోదాని మీద ఉంటే అది పాలపన్ను కాదురా! ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక దవడపన్ను చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. దేన్నీ ఊడగొట్టదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. పిల్ల ముసలిదయ్యేదాకా నమలాల్సింది దాంతోనే.

నాకెందుకింత పట్టింపంటే, పోయినేడాది నాకు రూట్ కెనాల్ అయింది సరిగ్గా ఆ ఆరో పన్నుకే. రెండేళ్ళు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేది. రెండో పక్క నుంచి తాగడం అలవాటు చేసుకున్నాను, అదీ నా తెలివి. తర్వాత లవంగం పెట్టుకోవడం మొదలుపెట్టాను. లవంగం నొప్పిని జోకొట్టింది గానీ పుచ్చు దాని దారిన అది లోపలికి పోతూనే ఉంది. ఒక రాత్రి పడుకుంటే చాలు, చెవి దాకా గుండె కొట్టుకున్నట్టు పోట్లు. తెల్లవార్లూ కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి పాఠం చెప్పింది. పైన తెల్లగా కనిపించేది ఎనామెల్. ఒంట్లో ఎముక కన్నా గట్టిది, బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కానీ దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి రాకముందే పని ముగించుకుని పోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామెల్‌కి గుంట పడితే ఇక పూడదు. నరం కూడా లేదు కాబట్టి అక్కడ పుచ్చుతున్నా మనకి తెలియదు. దాని కింద పసుపురంగు డెంటిన్, నిండా సన్నటి గొట్టాలు. నా జివ్వుమనడమంతా అక్కడిది. అన్నిటికన్నా లోపల పల్ప్, అంటే నరాలూ రక్తనాళాలూ. వేలికి దెబ్బ తగిలితే వాస్తుంది, ఉబ్బడానికి చోటుంది. పన్ను లోపల చోటేదిరా? చుట్టూ గట్టి గోడలే. ఆ రాత్రి పోట్లు అందుకే.

ఆ పల్ప్ తీసేసి పంటి వేళ్ళలో గుట్టాపెర్చా నింపారు. మలేసియా వైపు పెరిగే ఒక చెట్టు పాలట. విదేశాలు వెళ్ళలేదు గానీ, విదేశీ చెట్టు నా నోట్లోకే వచ్చింది!

పాప విషయానికొస్తే, తీపి మానిపించమని చెప్పను. ఎంత తింటుందన్నదాని కన్నా ఎన్నిసార్లు తింటుందో చూడు. తీపి తగలగానే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి. పీహెచ్ అని ఆమ్లానికో కొలత ఉంది, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట; అది 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ కరగడం మొదలు. మళ్ళీ లాలాజలం సర్దుకోవడానికి అరగంట దాకా పడుతుంది. ట్యూషన్‌లో గంటకో బిస్కెట్ కొరికితే ఆ అరగంట దొరకదు పాపం. లడ్డూ అయినా సరే, అన్నంతోపాటు తినేస్తే నయం. రాత్రి బ్రష్ మాత్రం తప్పనివ్వకు, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. తోమాక నురగ ఉమ్మితే చాలు, నీళ్ళతో పుక్కిలించక్కర్లేదు.

చెల్లెమ్మది నల్లగొండ వైపు కదా, ఫ్లోరైడ్ పేస్టంటే ఉలిక్కిపడుతుంది. ఆ భయంలో తప్పు లేదు, అక్కడి బోరునీళ్ళు చేసిన పాడు అంతా ఇంతా కాదు. కానీ అది ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వచ్చిన కష్టం. ఇది బఠానీ గింజంత పేస్టు, తోమి ఉమ్మేసేది. కరిగిన ఖనిజం ఎనామెల్‌లోకి తిరిగి చేరడానికి సాయపడేది అదే. ఈ ముక్క చెల్లెమ్మకి చదివి వినిపించు.

ఆ గీత గాడిలో పట్టిన మరకే కావచ్చు, పుచ్చే కావచ్చు. మన కళ్ళకి తేలదు. మరకే అయితే గాడుల్లో తిండి ఇరుక్కోకుండా సీలెంట్ అని పల్చటి పూత వేస్తారట, అడుగు. శనివారం తీసుకెళ్ళు. వెళ్ళినవాడివి నువ్వూ ఆ కుర్చీలో ఓసారి కూర్చో, నీ పళ్ళ గార నేను ఫోటోల్లోనే చూస్తున్నా.

ఏమన్నారో రాయి. ఫోన్ వద్దు, మీ ఊరి సిగ్నల్ సంగతి తెలుసుగా.

నీ
బావ