శ్రుతి దించినప్పుడు తీగల ఎంపిక

సంపాదకులకు నమస్కారం.

గిటార్ శ్రుతి దించి, అంటే తీగలను మామూలు కంటే తక్కువ స్వరానికి వదులు చేసి, మెటల్ సంగీతం వాయించేవారు దొరికినంతలో అత్యంత లావైన తీగల సెట్టు కొనుక్కోవాలని మీ సంగీత పుటలో వచ్చిన సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. శ్రుతి దించితే తీగ మందం పెరగాలన్నది నిజమే కానీ, ఎంత పెరగాలన్నది శ్రుతి ఎంత దించామన్నదాన్ని బట్టీ, గిటార్ స్కేలు పొడవును (తీగ మోగే భాగం పొడవును) బట్టీ తేలే లెక్క.

పొడవు మారకుండా ఉన్నంతవరకు తీగ బిగువు దాని ఫ్రీక్వెన్సీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, చెవికి కొద్దిగా తోచే మార్పు తీగ మీద చాలా ఎక్కువగా పనిచేస్తుంది. అన్నింటికంటే లావైన ఆరో తీగను ఇ స్వరం నుంచి డి స్వరానికి, అంటే రెండు ఫ్రెట్ల మేర దించితే బిగువులో సుమారు 20 శాతం పోతుంది; సికి దించితే 37 శాతం, బికి దించితే 44 శాతం పోతుంది. అంతగా వదులైన తీగను గట్టిగా మీటినప్పుడు స్వరం ముందు పైకి లేచి, ఆ తర్వాతే తన స్థానానికి దిగుతుంది. అరచేతి అంచుతో అదిమి వేగంగా వాయించే పామ్ మ్యూట్ దెబ్బలు విడివిడిగా వినిపించవు. నాదాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ ఈ లోపాన్ని కప్పిపుచ్చకపోగా మరింత పెంచి వినిపిస్తుంది.

పోయిన బిగువు తిరిగి రావాలంటే ఫ్రీక్వెన్సీ తగ్గిన నిష్పత్తిలోనే మందం పెరగాలి. 25.5 అంగుళాల స్కేలున్న గిటార్‌పై 10-46 సెట్టు (ఈ అంకెలు అత్యంత సన్నని, అత్యంత లావైన తీగల మందాలు) చేతికి అలవాటైనవారికి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, సి శ్రుతిలో ఆరో తీగ సుమారు 58, బి శ్రుతిలో 61 లేదా 62 ఉంటే అదే బిగువు దక్కుతుంది. 27 అంగుళాల బారిటోన్ గిటార్‌పై అదే తీగకు అదే శ్రుతిలో బిగువు 12 శాతం ఎక్కువ కాబట్టి సి శ్రుతికి 55 సరిపోతుంది. డ్రాప్ డిలో వాయించేవారు దించేది ఆరో తీగను ఒక్కదాన్నే గనుక వారికి 10-52 వంటి సెట్టు చాలు. అక్కడ 12-60 సెట్టు వేస్తే, శ్రుతి మారని మిగిలిన తీగల బిగువు వేళ్లకూ గిటార్ మెడకూ అనవసర భారమవుతుంది.

అవసరానికి మించిన మందంతో నాదం కూడా చెడుతుంది. తీగ బిరుసెక్కేకొద్దీ మూల స్వరంతో పాటు మోగే దాని ఉపస్వరాలు ఉండవలసిన చోటు కంటే పైకి జరుగుతాయి, మీటులోని స్పష్టత మొద్దుబారుతుంది. చుట్టు లేని (పైన సన్నని లోహపు తీగ చుట్టని) లావుపాటి మూడో తీగ పై ఫ్రెట్లలో శ్రుతి తప్పడం చాలామందికి అనుభవమే. మూడో తీగ మందం 20 దాటితే చుట్టు ఉన్న తీగే మేలని నా అభిప్రాయం. బరువైన నాదానికి లావు తీగలు తప్పనిసరి కూడా కాదు. ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ సన్నని తీగలతోనే, 1971 నాటికి మూడు ఫ్రెట్ల మేర శ్రుతి దించి వాయించారు.

మందం మార్చినప్పుడు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిని వెడల్పు చేయించడం, మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను సరిచూడడం, బ్రిడ్జి (గిటార్ ఒంటిపై తీగలు ఆనే భాగం) దగ్గర ఇంటొనేషన్‌ను, అంటే అన్ని ఫ్రెట్లలోనూ స్వరం సరిగా పలికే అమరికను, మళ్లీ సరిదిద్దడం కూడా అవసరమవుతాయి. ఇకపై ఇటువంటి వ్యాసాల్లో గేజ్ (తీగ మందం) అంకె సూచించినప్పుడు అది ఏ శ్రుతికి, ఏ స్కేలు పొడవుకు వర్తిస్తుందో కూడా దయచేసి ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు