మా జిల్లాల గులాబీకి అక్టోబరు కత్తిరింపు వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో, పెరటి తోటల పేజీలో గులాబీల గురించి వేసిన వ్యాసం చదివాను. మొక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు రాసిందని చదవగానే తెలిసింది. కానీ అందులో అక్టోబరు మొదటి వారంలో కొమ్మలన్నీ గట్టిగా కత్తిరించి ఎరువు వేయమన్నారు. మా ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆ మాట విని కత్తెర పట్టుకుంటే మొక్క పోతుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సలహా తప్పని నేను అనడం లేదు. హైదరాబాదులో వానలు అప్పటికి తగ్గుముఖం పడతాయి, చలికాలం పూతకు అదే సరైన అదును. మాకు మాత్రం అసలు వానలు అప్పుడే మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు అన్నీ అక్టోబరు, నవంబరు నెలల్లోనే. నెల్లూరు వైపు ఏడాది మొత్తం వానలో సగం పైన అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. స్వాతి, విశాఖ కార్తెల్లో ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ మొహం కనపడదు. కోసిన కొమ్మ కొస ఆరేదెప్పుడు?

మా వీధిలో ఒకావిడ పోయిన ఏడు ఇలాంటి సలహానే ఎక్కడో చదివి దసరా రోజుల్లో కత్తిరించారు. ముసురు తెరిపిచ్చాక రమ్మంటే వెళ్లి చూశాను. ఏ కొమ్మ చూసినా కొస నల్లబడి ఉంది. గోరుతో గీకితే బెరడు కింద పచ్చగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగింది. ఎండు తెగులు అంటే అదే. కోసిన చోట లోపలికి చేరి, రోజూ కాస్త కిందికి దిగుతుంది. ఆ నలుపు అంటు దాకా దిగితే ఇక ఏ మందూ పనిచేయదు. ఎంతో అపురూపంగా పెంచుకున్న మొక్కలు పీకి పారేస్తుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఆరోగ్యశాఖలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫర్ల మీద పొదిలి, కొత్తపట్నం, నాగులుప్పలపాడు వైపు పనిచేశాను. ఎక్కడ అద్దెకున్నా ఇంటివాళ్లను అడిగి గులాబీ వేసుకునేదాన్ని. మూడూ అప్పట్లో ఒక జిల్లాలోవే అయినా, ఒక ఊళ్లో మొక్కను బతికించిన పద్ధతి ఇంకో ఊళ్లో పనికిరాదు.

కొత్తపట్నంలో అంతా ఇసుక. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి పోతాయి, ఎరువూ వాటితోపాటే పోతుంది. అక్కడ పెద్ద గుంత తీసి చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపాలి. అంతకంటే పెద్ద చిక్కు నీళ్లతో. సముద్రం పక్కన మంచినీళ్లు పైపొరలోనే ఉంటాయి, కింద అంతా ఉప్పు. అందుకే పాతవాళ్లు లోతు లేని దొరువులు తవ్వుకుని కడవలతో ముంచి పోసేవాళ్లు. లోతుగా బోరు వేసి మోటారుతో తోడితే ఉప్పునీళ్లే పైకొస్తాయి. గులాబీ ఉప్పుకు తట్టుకోదు. ముందు ముదురాకు అంచు ఎర్రగా మాడుతుంది, మట్టికుండీ బయట తెల్లటి పొర కడుతుంది. అది తెగులనుకుని జనం మందులు కొడుతుంటారు. మీ వ్యాసంలో రోజూ కొద్దికొద్దిగా నీళ్లు పోయమన్నారు. ఉప్పునీళ్లున్న చోట అలా పోస్తే ఉప్పంతా వేరు దగ్గరే పేరుకుంటుంది. పోసినప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, మళ్లీ పైమట్టి ఆరాకే పోయాలి. వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని అప్పుడప్పుడూ వాటితో కుండీ కడిగినట్టు పోస్తే మొక్క తేరుకుంటుంది. అలాంటి నేలలో నాటు గులాబీ తట్టుకున్నంతగా పెద్దపూల హైబ్రిడ్లు తట్టుకోవడం నేను చూడలేదు.

నాగులుప్పలపాడు నల్లరేగడిలో ఇదే పెద్ద గుంత మొక్కకు గొయ్యి అవుతుంది. ముసురులో నీళ్లు అందులోనే నిలిచి, వేళ్లకు గాలి ఆడక ఆకులు పసుపుబారి రాలిపోతాయి. అక్కడ నేలమట్టానికి పైన మూర ఎత్తు గట్టు పోసి దాని మీద నాటాలి.

పొదిలిది ఇంకో కథ. చాలాచోట్ల బోరునీళ్లకు గిన్నె అడుగున తెల్లటి సున్నపు చార కడుతుంది. గులాబీకి మట్టి పీహెచ్, అంటే మట్టి పులుపును చెప్పే కొలత, 6 నుంచి 6.5 దాకా ఉంటే హాయి. సున్నం ఎక్కువైన చోట మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. దానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద వేస్తే పూలు విరగబూస్తాయని మీరు రాశారు. పుల్లటి నేలలున్న ఊళ్లలో అది మేలే కావచ్చు. సున్నం ఎక్కువున్న నేలలో బూడిద వేస్తే చిక్కు ఇంకా ముదురుతుంది.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల గురించి కూడా ఒక మాట. వాటి వేళ్ల చుట్టూ గోదావరి ఒండ్రు మట్టి ముద్దగా ఉంటుంది. దాన్ని అలాగే ఇసుకలో పెడితే పోసిన నీళ్లు పక్క నుంచి జారిపోయి ముద్ద లోపల ఎండిపోతుంది. కవరు తీసేశాక ముద్ద అంచులు చేత్తో మెల్లగా వదులు చేసి, అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండేలా నాటాలి. అంటు కింద నుంచి వచ్చే పిలకను కత్తిరించకుండా మొదలంటా లాగేయాలి, లేకపోతే పై మొక్కను అది మింగేస్తుంది.

ఎండాకాలం సంగతి మా మిరప రైతులను అడిగినా చెప్తారు. మిరపకు పై ముడత తెచ్చే తామర పురుగే గులాబీ మొగ్గ మీదా పడుతుంది. ఎర్రనల్లికైతే ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది. బూడిద తెగులుకు చలికాలంలో కొట్టే గంధకం రోహిణి కార్తె ఎండల్లో కొడితే ఆకు మాడుతుంది.

ఇక కత్తిరింపు. మా వైపు అక్టోబరులో ఎండుపుల్లలు, మచ్చలు పడ్డ ఆకులు ఏరేసి, నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వానలు తెరిపిచ్చాక, బయటికి చూసే మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును ముద్దగా కలిపి కొసలకు పూయాలి. నెలన్నరకు పూలొస్తాయి, సంక్రాంతి అటూ ఇటూగా.

మీ పేపరుకు ప్రతి జిల్లాకూ వేరే ఎడిషన్ ఉంది. రాజకీయ వార్తలకు, ప్రమాద వార్తలకు ఉన్న ఆ ఏర్పాటు మొక్కల పేజీకి ఎందుకు ఉండకూడదు? దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలకు ఈ మట్టీ నీళ్లూ తెలుసు. నెలకోసారి వాళ్లతో మాట్లాడి నాలుగు మాటలు వేయండి. మట్టి, నీళ్లు ఎక్కడ పరీక్ష చేయిస్తారో, నమూనా ఎలా తీయాలో కూడా రాయండి, ఆడవాళ్లకు చాలామందికి ఆ సంగతి తెలియదు. దానికి టైం పడుతుందంటే అర్థం చేసుకోగలను. కానీ అక్టోబరు దగ్గర పడింది. వచ్చే ఆదివారం పేజీలోనే, కోస్తా దక్షిణ జిల్లాల వాళ్లు వానలు తగ్గేదాకా గులాబీలు కత్తిరించవద్దని ఒక్క వాక్యం తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ ఏఎన్‌ఎం, ఒంగోలు